భీమశంకరం గారి టేకు ఉయ్యాల

నేను ఒక ఉయ్యాలను. ఆ మాట వినగానే మీ ముఖం మెత్తబడుతుందని నాకు తెలుసు. బోసినవ్వులు, లాలిపాటలు, తాతగారి మురిపెం, ఇవన్నీ మీ కళ్ల ముందు కదులుతాయి. అలాంటి ముచ్చట్లు కావాలంటే ఇంకో ఉయ్యాలను అడగండి. నా కథలో పసిపిల్ల ఒకతె ఉంది కాని, ఆ పిల్ల ఒంటి వెచ్చదనం ఎలా ఉంటుందో నాకు తెలియదు. తెలియకుండా చేసినవాడు నన్ను చేసినవాడే. ఆయన పేరు భీమశంకరం. రాజమండ్రిలో ఆయన్ని ఎరిగినవాళ్లంతా పేరు చివర "గారు" తగిలిస్తారు కాబట్టి నేనూ తగిలిస్తాను. అంతకు మించి గౌరవం నా దగ్గర ఆశించకండి.

ఉయ్యాలను కాకముందు నేను ఒక తలుపును. పాత సినిమా హాల్లో నేలటిక్కెట్టు జనం బయటికి వెళ్లే ద్వారానికి ఉండేదాన్ని. ఆట వదలగానే జనం నన్ను కాలితో తన్ని తెరిచేవారు. సినిమా నచ్చితే హుషారుతో తన్నేవారు, నచ్చకపోతే కోపంతో తన్నేవారు. ఎలాగైనా తన్నులు తప్పేవి కావు. కాని ఆ తన్నుల్లో దాపరికం లేదు. అన్నేళ్లు తిన్నా నా ఒంట్లో ఒక్క చీలిక రాలేదు. అసలైన టేకును మరి. హాలు పడగొట్టాక నన్ను లారీలో తెచ్చి కలప అడితిలో పడేశారు. వానకు తడుస్తూ, ఎండకు ఎండుతూ అక్కడే పడి ఉన్నాను. ఆ రోజులే నయమని ఇప్పుడనిపిస్తోంది.

భీమశంకరం గారు అడితికి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. తెల్లచొక్కా చేతులు పైకి మడిచి, నన్ను వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి విన్నాడు. గోటితో గీకాడు. అంచు పట్టుకుని కన్ను మూసి వంకర ఉందేమో చూశాడు. ఇంత శ్రద్ధగా నన్ను చూసినవాడు అంతవరకు లేడు. పడితే ఇలాంటివాడి చేతిలోనే పడాలనుకున్నాను. ఎంత అమాయకురాలినో చూడండి.

ఆయన ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ కాలవల మీద వంతెనలూ తూములూ గట్టిగా కట్టారో లేదో పరీక్ష చేసే ఇంజనీరు. ఈ సంగతి నాకు ఎలా తెలుసంటారా? షెడ్డులోకి ఎవరు అడుగుపెట్టినా ఆయన చెప్పే కథ అదే కనుక. సిమెంటు పూసి కప్పేసిన పగుళ్లను గోటితో గీకి పట్టుకునేవాడట. ఇసుకబస్తాలు పేర్చి బరువు పరీక్ష చేయనిదే ఒక్క ఎడ్లబండిని కూడా వంతెన ఎక్కనిచ్చేవాడు కాదట. "పగులు తప్పు కాదండీ, పగులు దాచడం తప్పు" అని ఒక కాంట్రాక్టరుకు అందరి ముందూ బుద్ధి చెప్పాడట. ఈ చివరి మాట చెప్పేటప్పుడు వేలు పైకెత్తేవాడు. చెప్పేవి శ్రీరంగనీతులు. తరువాతి మాట మీకు తెలిసే ఉంటుంది.

రిటైరయ్యాక ఆయన ఫోనులో వడ్రంగం వీడియోలు చూడడం మొదలుపెట్టాడు. కొన్నాళ్లకు కారు షెడ్డులోంచి కారు వీధిలోకి వెళ్లింది, షెడ్డులోకి కరెంటు రంపం, డ్రిల్లు, చిత్రిక యంత్రం, రకరకాల బిగింపు పట్టీలు వచ్చాయి. గోడకు మేకులు కొట్టి ఉలులన్నీ వరసగా తగిలించాడు. దండాలు పెట్టడం ఒకటే తక్కువ. ఎవరి పిచ్చి వారికి ఆనందం, అందులో నాకు అభ్యంతరం లేదు. అభ్యంతరం ఆయన చేసిన వస్తువులతోనే. మొదట ఒక స్టూలు చేశాడు. దాని మీద ఎక్కినవాళ్లు గోడ పట్టుకునే ఎక్కాలి. దేవుడి మందిరం చేశాడు. దాని తలుపులు వేస్తే తెరుచుకోవు, తెరిస్తే మూసుకోవు. భార్య భ్రమరాంబ గారు పూలు పెట్టడానికి ఒక పక్కనుంచి చెయ్యి దూర్చేది. పక్కింటివారికి గోడ అల్మరా చేసి ఇచ్చాడు. వాళ్లు దాన్ని అటకమీద దాచి, ఈయన వస్తున్నాడని తెలిసినప్పుడల్లా దించి తగిలించేవారు.

తప్పు ఒక్క ఆయనదే అంటే అన్యాయం. చూడవచ్చిన ప్రతివాడూ "అబ్బో, ఎంత బాగా చేశారండీ, బజార్లో దొరుకుతుందా ఇలాంటిది" అనేవాడు. అని కాఫీ తాగి వెళ్లి వీధి మలుపులో నవ్వేవాడు. మనుషులకు మొహమాటమనే జబ్బు ఉంది. కొట్టినా నోరు విప్పని మనిషి కూడా మెచ్చుకోమంటే వెంటనే మెచ్చుకుంటాడు. ఆ మెప్పులన్నీ భీమశంకరం గారి తలకెక్కి కూర్చున్నాయి. భ్రమరాంబ గారు ఒక్కతే మెచ్చుకునేది కాదు. అందుకే ఆవిడ షెడ్డులోకి వస్తే ఆయనకు ఒళ్లు మండేది.

కోడలు హిమజకు నెల తప్పిందని కబురు వచ్చిన రోజున ఆయన నన్ను గోడవార నుంచి లాగి బల్ల మీద పడుకోబెట్టాడు. ఆ పూటే ఫోను తీసి చుట్టపక్కాలందరికీ చెప్పేశాడు, మనవడో మనవరాలో తాను చేసిన టేకు ఉయ్యాలలోనే ఊగుతుందని. రంపం ఇంకా నాకు తగలనే లేదు, ఊరంతా తెలిసిపోయింది. హిమజ తండ్రి వీరభద్రం గారికి కూడా చెప్పాడు. ఆయనది తణుకు. తొలి కాన్పుకు ఉయ్యాల తెచ్చేది పిల్ల పుట్టింటివారు. హిమజ పడుకుని పెరిగిన ఉయ్యాల తమ ఇంట్లో ఉందని, రంగు వేయించి బారసాలకు తెస్తామని వీరభద్రం గారు అన్నాడు. "ఆ ఇనపతొట్టెనా బావగారూ? అది మీ పశువులకు కుడితి పొయ్యడానికి ఉంచుకోండి" అన్నాడు భీమశంకరం గారు. అని నవ్వాడు. ఫోనులో అవతలివైపు నవ్వు వినిపించలేదు.

నన్ను కోశాడు. చిత్రిక పట్టాడు. సినిమా హాలు రంగులన్నీ పొట్టుగా రాలిపోయి లోపలి బంగారు వన్నె బయటపడింది. అబద్ధమెందుకు, అప్పుడు నాకు ముచ్చటేసింది. రెండు పక్కలా రెండు నిలువుకర్రలు, వాటి పైన అడ్డకర్ర, అడ్డకర్ర నుంచి గొలుసులతో వేలాడే తొట్టె. ఇదీ నా ఆకారం. నిలువుకర్ర తలలో బెజ్జం తొలిచి, అడ్డకర్ర చివర నాలుకలా చెక్కి అందులో దూర్చాలి. నా ప్రాణమంతా ఆ రెండు అతుకుల్లోనే ఉంది.

ఎడమవైపు బాగానే కుదిరింది. కుడివైపు నాలుక లావైంది. ఇంకో రెండు పొరలు చెక్కితే సరిపోయేది. కాని అప్పుడు ఆయన ఫోను నిలబెట్టి తన పనిని వీడియో తీసుకుంటున్నాడు. వీడియోలో నాలుక ఒక్క దెబ్బకు దూరాలి. చెక్కసుత్తి ఎత్తి కొట్టాడు. దూరలేదు. పళ్లు బిగించి ఇంకా గట్టిగా కొట్టాడు. నేను అరిచాను. కర్ర చీలితే వచ్చే ఆ చప్పుడు వడ్రంగం రానివాడికి కూడా తెలుస్తుంది. నిలువుకర్ర తల నుంచి జానెడు కిందికి నిలువునా చీలిపోయాను. అన్నేళ్లు నేలటిక్కెట్టు జనం తన్నినా చీలని దాన్ని, తాతగారి సరదాకు చీలాను.

ఆయన ఫోను ఆపేశాడు. షెడ్డు తలుపు వంక చూశాడు. ఎవరూ లేరు. ఆ కర్ర తీసేసి వేరే కర్ర పెట్టవచ్చు. కాని తలుపు చెక్క అంతటితో అయిపోయింది. కొత్త చెక్క వేస్తే వన్నె కలవదు. వన్నె కలవకపోతే చూసేవాళ్లు "ఇదేమిటి?" అంటారు. ఆయన కొంచెంసేపు చీలికను వేలితో తడుముతూ కూర్చున్నాడు. తరువాత నేలమీది రంపపు పొట్టు గుప్పెడు తీసి, తెల్ల జిగురుతో కలిపి ముద్ద చేసి, చీలికలోకి కూరాడు. పట్టీ వేసి బిగించాడు. ఆరాక గరుకుకాగితంతో రుద్ది, వార్నిషు పూశాడు. చీలిక కనబడలేదు. నాకు మాత్రం అది నోట్లో గుడ్డలు కుక్కినట్టు ఉంది. ఆ రోజు నుంచి నేను ఆయన్ని అసహ్యించుకోవడం మొదలుపెట్టాను.

నా భయం మీకు అర్థం కావాలి. ఆ అతుకు ఊడితే అడ్డకర్ర తిన్నగా తొట్టెలోకే పడుతుంది. తొట్టెలో తలదిండు ఉండే చోటికే.

భ్రమరాంబ గారు మజ్జిగ గ్లాసు తెచ్చి ఇచ్చి, వెళ్లకుండా నిలబడింది. ఆవిడ చూపు కుడి నిలువుకర్ర మీద ఆగింది.

"అక్కడేవిటండీ, రంగు తేడాగా ఉంది?"

"అది చెక్క ఈనె. నీకు తెలీదు."

"ఈనె అయితే ఇటుపక్క కూడా ఉండాలి కదా. చీలిందా?"

"చూశావూ, శుభమా అని పని చేసుకుంటుంటే అపశకునం మాటలు! నోరు తెరిస్తే ఇంతేనా నువ్వు?"

"అపశకునవేం ఉంది. పసిగుడ్డు పడుకునేది. ముందు ఓ బియ్యం బస్తా వేసి ఊపి చూడండి."

"నా పనికి నువ్వు పరీక్ష పెడతావా? ముప్పయ్యేళ్లు జిల్లా అంతటికీ పరీక్ష పెట్టినవాణ్ణి నేను!"

ఆవిడ గ్లాసు తీసుకుని వెళ్లిపోయింది. కొడుకు ఫణికి ఫోనులో చెప్పింది. షెడ్డు కిటికీ పక్కనే నిలబడి మాట్లాడింది కాబట్టి నాకు వినిపించింది. ఫణి "నాన్నకు తెలీదా అమ్మా, ఇంజనీరు కదా" అన్నాడు. ఆ ఇంట్లో ఆ ఒక్క మాటతో అన్ని నోళ్లూ మూతపడేవి. తండ్రికి ఎదురు చెప్పకుండా పెరిగిన కొడుకు అతను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి ఇంట్లో పెరిగినవాళ్లు నాలుగో కాలు లెక్కపెట్టడం మానేస్తారు.

హిమజకు ఆడపిల్ల పుట్టింది. బారసాల తణుకులో చేద్దామని వాళ్లు, రాజమండ్రిలోనే జరగాలని ఈయన. నన్ను విప్పి తీసుకెళ్తే అతుకులు వదులవుతాయని వాదించాడు. అతుకుల సంగతి ఆయన కన్నా ఎవరికి బాగా తెలుసు! చివరికి పచ్చిబాలింతను, పసికందును కారులో ఇక్కడికి రప్పించాడు.

బారసాలకు ముందు వారంలో ఆయన షెడ్డులో ఇంకో వస్తువు చేశాడు. భ్రమరాంబ గారి వైపువాళ్లకు ఒక ఆనవాయితీ ఉంది. పిల్లను ఉయ్యాలలో వేసేముందు పొత్రాన్ని, అంటే రోట్లో పిండి రుబ్బే రాతిని, పట్టుగుడ్డ చుట్టి అందులో పడుకోబెడతారు. పిల్లకు చేసినట్టే దానికి బొట్టు పెట్టి, పాట పాడి, ఊపుతారు. దిష్టి ఏదైనా ఉంటే రాతికి తగిలిపోతుందని, పిల్ల రాయిలా గట్టిగా బతుకుతుందని నమ్మకం. భీమశంకరం గారు ఏం చేశాడంటే, ఇంకేదో తేలిక చెక్కను గుండ్రంగా చెక్కి, నున్నగా రుద్ది, నల్లరంగు పూసి ఒక కర్రపొత్రం తయారు చేశాడు. అచ్చం రాయిలాగే ఉంది. కాని ఒంటి చేత్తో ఎత్తి ఎగరేయవచ్చు. చూసినవాళ్లకు అది సరదా పని. నాకు మాత్రం ఆయన మనసు అప్పుడే తెలిసింది. నా మీద బరువు పడకూడదని ఆయనకు తెలుసు. తెలిసే నన్ను హాల్లోకి తీసుకెళ్తున్నాడు.

బారసాల నాడు నన్ను హాలు మధ్య నిలబెట్టి బంతిపూలు చుట్టారు. కుడి నిలువుకర్రకు మిగతా వాటికన్నా మందంగా చుట్టారు. ఆ దండ ఆయనే స్వయంగా కట్టాడు. వచ్చినవాళ్లు వచ్చినట్టే నా చుట్టూ మూగి, వేళ్లతో రాసి, అబ్బో అన్నారు. ఒకావిడ "మా అమ్మాయికీ ఒకటి చేసిపెట్టకూడదటండీ" అంది. ఆయన చీలిక మీద చెయ్యి వేసి నిలబడి, పగుళ్లు గీకి పట్టుకున్న పాత కథ మళ్లీ మొదటినుంచి చెప్పాడు. నాకు నోరుంటే ఉమ్మేసేదాన్ని.

వీరభద్రం గారు తన ఉయ్యాలను వ్యానులో తెచ్చాడు. ఆకుపచ్చ రంగు వేసిన ఇనప చట్రం, నవారు అల్లిన తొట్టె. భీమశంకరం గారు గుమ్మంలోనే అడ్డు నిలిచాడు.

"వద్దన్నాను కదా బావగారూ. అది లోపలికొస్తే ఇంట్లో పెళ్లికొడుకు పక్కన బిచ్చగాణ్ణి నిలబెట్టినట్టు ఉంటుంది."

వీరభద్రం గారి ముఖం నల్లబడింది. "మా పిల్ల పడుకున్న ఉయ్యాలండీ అది" అన్నాడు.

"అందుకే వద్దంటున్నాను" అన్నాడు ఈయన. పక్కనున్న ఇద్దరు ముగ్గురు నవ్వారు. వీరభద్రం గారు వెనక్కి తిరిగి వ్యాను తలుపు వేయించాడు. లోపలికి వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు. ఇచ్చిన కాఫీ ముట్టలేదు. గదిలోంచి హిమజ అంతా వింటూనే ఉంది.

పురోహితుడు పేరు పెట్టించడం అయింది. ముందుగా కర్రపొత్రం తెచ్చారు. అది కర్రదని తెలియగానే హాలంతా ఘొల్లున నవ్వింది. ఎంత తెలివి, ఎంత తమాషా అన్నారు. పట్టుగుడ్డ చుట్టి నాలో పెట్టారు. ఆడవాళ్లు లాలిపాట పాడుతూ ఊపారు. నేను కిర్రుమనలేదు. ఆ బరువుకు చీపురుపుల్ల కూడా కిర్రుమనదు. భీమశంకరం గారు చేతులు కట్టుకుని నిలబడి అందరి ముఖాలూ చూస్తున్నాడు. నా వంక ఒక్కసారి కూడా చూడలేదు.

"ఇంక పిల్లను తేండమ్మా" అన్నారెవరో. కర్రపొత్రం తీసేశారు. హిమజ పిల్లను రెండు చేతుల్లో పట్టుకుని వచ్చి నా పక్కన నిలబడింది. ఎర్రటి చిన్న పాదం ఒకటి గుడ్డలోంచి బయటికి వచ్చి నా అంచు మీదుగా ఊగింది. ఇంకొంచెం వంగితే నాకు తగులుతుంది. నేను దేనికోసం పుట్టానో అది వస్తోంది. రాకూడదు దేవుడా అనుకున్నాను. ఒక ఉయ్యాల నోట రావలసిన మాటేనా అది?

"ఆగమ్మా హిమజా."

భ్రమరాంబ గారు పెరటి గుమ్మంలో నిలబడి ఉంది. రొమ్ముకు ఆనించి రెండు చేతులతో రుబ్బురోలు పొత్రాన్ని మోస్తోంది. మిక్సీ వచ్చాక పెరట్లో కుళాయి పక్కన పడి ఉన్న పెద్ద పొత్రం. పట్టుచీరకు తడిమట్టి అంటుకుంది. అడుగు తీసి అడుగు వేయడం కష్టంగా ఉంది. ఫణి సాయానికి వెళితే తల అడ్డంగా ఊపింది.

"ఏవిటే ఇది? నీకేవైనా మతి పోయిందా?" అన్నాడు ఆయన.

"కర్రకు దిష్టి తగలదండీ. మా ఇంట రాతి పొత్రవే పెడతారు."

"సన్నికల్లుది చిన్నది లేదూ? ఇంత బండ ఎవడు పెడతాడు?"

"పిల్ల పెరగదా? రేపు నిలబడి ఊగదా? దీన్ని మొయ్యలేని ఉయ్యాల దాన్నేం మోస్తుంది?"

ఆయన వచ్చి నాకు అడ్డంగా నిలబడ్డాడు. రెండు చేతులూ చాపాడు. "పెట్టడానికి వీల్లేదు. పాలిష్ గీసుకుపోతుంది."

హిమజ పిల్లను గుండెకు దగ్గరగా తీసుకుని ఒక అడుగు వెనక్కి వేసింది.

"పాలిష్ కోసవేనా మామయ్యగారూ?" అంది మెల్లగా.

ఆయనకు అప్పుడు ఒక అవకాశం ఉంది. కాదమ్మా, చీలింది, దాచాను అంటే సరిపోయేది. కొంచెం సిగ్గు, అంతే. ఆ సిగ్గు కూడా సాయంత్రానికి పోయేది. అందరూ ఆయన ముఖంలోకే చూస్తున్నారు. నేనూ చూశాను. ఆయన పెదవులు కదిలాయి.

"పెట్టుకోండి. తగలెయ్యండి. నా మాటకి విలువ ఎప్పుడుంది ఈ కొంపలో!" అని పక్కకు తప్పుకున్నాడు.

భ్రమరాంబ గారు వంగి పొత్రాన్ని నాలో మెల్లగా దించింది. విసిరేసిందని తరువాత ఆయన అన్నాడు. అది పచ్చి అబద్ధం. పసిపిల్లను దించినట్టే దించింది. చెయ్యి తీసి, అంచు పట్టుకుని ఒక్కసారి ఊపింది. నేను పట్టుకోవాలని ప్రయత్నించలేదు. లోపల కూరిన ముద్ద టప్పున ఊడింది. చీలిక నోరు తెరిచింది. బంతిపూల దండ తెగింది. కుడివైపు నాలుక జారిపోయి అడ్డకర్ర ధన్‌మని కిందికి వచ్చింది. తొట్టె ఒక పక్కకు ఒరిగి, పొత్రం దొర్లి, నేలమీది పలక పగిలింది. చప్పుడుకు పిల్ల ఉలిక్కిపడి ఏడ్చింది.

అందరూ ఒకచోటే చూస్తున్నారు. అడ్డకర్ర చివర తలదిండు మీద పడి ఉంది. ఆవగింజలు పోసి కుట్టిన చిన్న దిండు అది. పిగిలిపోయి ఆవాలు నేలంతా పారుతున్నాయి.

మొదట గొంతు లేచింది ఆయనదే. "చూశారా! చెప్పానా! అంత బండ పెడితే రాజుగారి సింహాసనవైనా విరుగుతుంది! కావాలని చేసింది!" ఆడలేక మద్దెల ఓడనడం విన్నాం. ఆయన మద్దెలను వదిలి, వాయించమన్నవాళ్ల మీద పడ్డాడు.

భ్రమరాంబ గారు వంగి నా చీలికలోంచి రాలిన ముద్దను తీసి వేళ్ల మధ్య నలిపింది. జిగురుపొట్టు పొడిపొడిగా రాలింది. అది చూడడానికి వడ్రంగం రానక్కర్లేదు. ఫణి వచ్చి తల్లి చేతిలోకి చూశాడు. తరువాత తండ్రి వైపు చూసి తల దించుకున్నాడు.

"మామయ్యగారూ," అంది హిమజ. "ఇది ముందే చీలిందా? మీకు తెలుసా?"

"పిల్ల బరువెంతమ్మా!" అన్నాడాయన. "మహా అయితే నాలుగు కేజీలు. ఆగేది. దానికి ఆగేదమ్మా!"

ఆ మాట నోట్లోంచి వచ్చాక కాని తానేమన్నాడో ఆయనకు తెలియలేదు. తెలిసిన క్షణాన ముఖం మీద రంగు మారడం నేను నేలమీద పడి ఉండి చూశాను. నాకు జాలి కలగలేదు. తృప్తి కలిగింది. ఇంత పెద్ద ఇంజనీరు నోటితో నిజం చెప్పించడానికి నేను రెండు ముక్కలు కావలసి వచ్చింది.

వీరభద్రం గారు లేచి బయటికి వెళ్లాడు. తిట్టి వెళ్లిపోతాడనుకున్నారంతా. వ్యాను తలుపు తెరిపించి ఆకుపచ్చ ఇనప ఉయ్యాల తెచ్చాడు. గుమ్మంలో ఈసారి ఎవరూ అడ్డు నిలవలేదు. దాన్ని నిలబెట్టి, ఎవరూ అడగకముందే తానే పొత్రాన్ని ఎత్తి అందులో పెట్టాడు. ఊపాడు. అది కీచుకీచుమని ఊగింది. ఊగుతూనే ఉంది. అప్పుడు పొత్రం తీసి, నవారు తుడిచి, "వెయ్యమ్మా" అన్నాడు కూతురితో. పిల్ల అందులో పడుకుంది. పాడాలా వద్దా అని కొంచెంసేపు తటపటాయించి ఎవరో పాట అందుకున్నారు.

సాయంత్రం వాళ్లు తణుకు వెళ్లిపోయారు. ఉంటారనుకున్న పది రోజులూ ఉండలేదు. వీధిగుమ్మం దగ్గర భీమశంకరం గారు పిల్లకోసం చేతులు చాచాడు. హిమజ ఆ చేతుల వైపు చూసింది. పిల్లను తన తండ్రికి అందించి, తాను కారెక్కింది. ఆయన చేతులు కొంచెంసేపు అలాగే ఉండిపోయాయి.

ఆ తరువాత ఆయన నన్ను బాగు చేయలేదు. షెడ్డు తలుపు మళ్లీ తెరిచాడు కాని రంపం చప్పుడు వినిపించలేదు. నా ముక్కలను పెరటి గోడకు ఆనించి పెట్టాడు. భ్రమరాంబ గారు అవసరమైనప్పుడు నా మీద తడిగుడ్డలు ఆరవేస్తుంది. వానకు నా పాలిష్ పొరలు పొరలుగా లేచిపోతోంది. లేచిపోనీ. ఉయ్యాల అని పేరు పెట్టారే కాని నాలో ఒక్క పిల్లా నిద్రపోలేదు. ఒక రాయి పడుకుంది, ఒక కర్ర పడుకుంది. ఈ దుఃఖానికి కారణమైనవాణ్ణి క్షమించమని మాత్రం నాకు ఎవరూ చెప్పకండి.

ఇక్కణ్ణుంచి పెరటి గుమ్మంలోంచి హాలు కనిపిస్తుంది. హిమజ అప్పుడప్పుడు వస్తోంది, పూర్తిగా మానలేదు. పిల్లకు ఇప్పుడు మెడ నిలబడింది, బోర్లా పడుతోంది, ఎవరు పిలిచినా నవ్వుతోంది. నిన్న కూడా వచ్చారు. భీమశంకరం గారు కుర్చీలోంచి లేచి, పిల్లకోసం చేతులు చాచాడు. హిమజ పిల్లను ఎత్తుకునే నిలబడింది. కోపంగా ఏమీ లేదు. మర్యాదగానే, నవ్వుతూనే అంది.

"కింద కూర్చోండి మామయ్యగారూ. అప్పుడిస్తాను."

ఆయన గోడ పట్టుకుని, మోకాళ్లు మెల్లగా వంచి, నేలమీద కూర్చున్నాడు. కాళ్లు మడిచి ఒళ్లో చోటు చేసుకున్నాడు. అప్పుడు హిమజ ఒంగి పిల్లను ఆయన ఒళ్లో పెట్టింది. పెట్టి, తన చెయ్యి ఒకటి పిల్ల తలకింద అలాగే ఉంచింది.